కొత్త 4కె టీవీలో బొమ్మ పాత టీవీ కంటే మసకగా ఉందా? ముందు బాక్సు వెనక చూడండి

మీ ప్రశ్న చదివాను, పెట్టిన రెండు ఫోటోలూ చూశాను. ఇదే బాధ ఇంకొకరికి ఉంటే వాళ్లకూ అర్థం కావాలి కాబట్టి సంగతి రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను. గుంటూరులో మీ ఇంట్లో 32 అంగుళాల టీవీ తీసేసి, సంక్రాంతి ఆఫర్లో 55 అంగుళాల 4కె టీవీ తెచ్చారు. డీటీహెచ్ బాక్సు మాత్రం పాతదే. ఇప్పుడు సీరియళ్లు, వార్తలు మసగ్గా ఉన్నాయి. ముఖాలు ముడత అన్నదే లేకుండా నున్నగా అయిపోయాయి. క్రికెట్‌లో బంతి వెనక తోక కనిపిస్తోంది. ఓటీటీలో కొత్త సినిమా పెడితే సగం సీన్లు చీకట్లోనే నడుస్తున్నాయి. నాన్నగారు పాతదే నయం అంటున్నారు. షాపతనేమో మూడు వేలు పెట్టి మంచి హెచ్‌డీఎంఐ కేబుల్ కొంటే అంతా సర్దుకుంటుందన్నాడు.

ఆ కేబుల్ కొనకండి. టీవీ వెనక్కి ఇచ్చే ఆలోచన కూడా ఒక్కరోజు ఆపండి. టీవీలు బిగించి, సెట్ చేసి ఇవ్వడం నా పని. కొత్త టీవీ మసగ్గా ఉందని పిలిచిన ఇళ్లలో చాలావరకు టీవీ బాగానే ఉంటుంది. దానికి అందుతున్న బొమ్మే బాగుండదు. అందరూ ముందు రిమోట్ తీసుకుని పిక్చర్ సెట్టింగ్స్‌లోకి దూకుతారు. అది చివర్లో చేయాల్సిన పని. వచ్చే బొమ్మ సరిగా లేకుండా బ్రైట్‌నెస్, షార్ప్‌నెస్ ఎంత తిప్పినా ఉన్నది ఇంకా పాడవుతుంది తప్ప బాగుపడదు.

ముందు టీవీ మీద అనుమానం తీర్చేసుకుందాం. బాక్సు ఆపేసి, టీవీలోనే ఉన్న యూట్యూబ్ తెరిచి, పగటి వెలుగులో తీసిన 4కె వీడియో ఒకటి పెట్టండి. అడవులు, సముద్రాలు, ఊళ్ల మీద డ్రోన్ షాట్లు, ఏదైనా సరే. వీడియో నడుస్తుండగా గేరు గుర్తు నొక్కి క్వాలిటీ 2160 ఉందో లేదో చూడండి, బొమ్మలో పై నుంచి కిందికి అన్ని గీతలుంటేనే అది 4కె. అక్కడే స్టాట్స్ ఫర్ నెర్డ్స్ అని ఇంకొకటి ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే ఇప్పుడు నిజంగా ఏ సైజు బొమ్మ వస్తోందో తెర మూలన అంకెల్లో చూపిస్తుంది. 3840 బై 2160 అని కనిపిస్తూ ఆకులు, ఇటుకలు, జుట్టు విడివిడిగా తెలుస్తుంటే మీ టీవీ ప్యానెల్‌కి ఏ రోగమూ లేదు. అది కూడా మసగ్గా ఉంటే, లేదా తెర మీద గీతలు, మచ్చలు ఉంటే అప్పుడు కింద రాసిందంతా వదిలేసి షాపు వాళ్ల దగ్గరికి వెళ్లండి. వెనక్కి తీసుకునే గడువు అయిపోకముందే వెళ్లండి.

యూట్యూబ్ బాగానే వచ్చిందనుకుని ముందుకు వెళ్తాను. ఎందుకంటే మీ మొదటి ఫోటోలో నాకు కావలసింది దొరికింది. టీవీ వెనక ఒక చిన్న నల్ల పిన్ను గుచ్చి ఉంది, దాని అవతలి కొసన పసుపు, ఎరుపు, తెలుపు రంగుల పిన్నులు మూడు, అవి బాక్సుకు వెళ్తున్నాయి. అది ఏవీ వైరు. పాత టీవీకి ఎలా ఉందో అలాగే తీసి కొత్తదానికి పెట్టేసి వెళ్లినట్టున్నారు. ఆ మూడింటిలో బొమ్మను మోసేది పసుపు వైరు ఒక్కటే. మిగతా రెండూ శబ్దానికి. వెలుగునీ రంగునీ కలిపి ఒకే తీగలో పంపే పాత పద్ధతి అది. 1080 గీతల హెచ్‌డీ బొమ్మ అందులోంచి రాదు, వచ్చే దారే లేదు. బాక్సులో హెచ్‌డీ ఛానెల్ పెట్టినా, ఆ వైరులోకి దిగేసరికి 576 గీతల పాత బొమ్మగా మారిపోతుంది. పైగా రంగులు ఒకదాంట్లోకి ఒకటి పాకుతాయి. ఎర్ర చీర అంచు పక్కన రంగు కారినట్టు కనిపిస్తుందే, అది ఈ వైరు చేసే పనే.

అదే ఫోటోలో బాక్సు వెనక హెచ్‌డీఎంఐ సందు కూడా కనిపిస్తోంది, ఖాళీగా. అంటే మీది హెచ్‌డీ బాక్సే. ఇన్నాళ్లూ దాన్ని వాడుకోలేదంతే. మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటి తెచ్చి దాన్నీ టీవీనీ కలపండి, ఏవీ వైరు పూర్తిగా పీకేయండి. రిమోట్‌లో సోర్స్ నొక్కి హెచ్‌డీఎంఐ 1 ఎంచుకోవడం నాన్నగారికి ఒకసారి చూపించండి. లేకపోతే మీరు ఊరెళ్లాక ఎవరో వచ్చి మళ్లీ ఏవీలో పెట్టి వెళ్తారు. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరి బాక్సుకైనా హెచ్‌డీఎంఐ సందే లేకపోతే అది ఎస్‌డీ బాక్సు, అంటే ఆ 576 గీతల పాత బొమ్మ ఒక్కటే ఇచ్చేది. దానికి మందు లేదు, ఆపరేటర్‌ని అడిగి హెచ్‌డీ బాక్సు తెచ్చుకోవాల్సిందే.

కేబుల్ ధర సంగతి ఇక్కడే తేల్చేస్తాను. హెచ్‌డీఎంఐలో వెళ్లేది అంకెల రూపంలో ఉన్న బొమ్మ. ఆ అంకెలు అవతలికి చేరితే బొమ్మ మొత్తం వస్తుంది. చేరకపోతే తెర మీద తెల్ల చుక్కలు మెరుస్తాయి, లేదా రెండు క్షణాలు నల్లబడి మళ్లీ వస్తుంది, లేదా అసలే రాదు. మసగ్గా రావడం, రంగులు వెలిసిపోవడం కేబుల్ వల్ల జరగవు. డీటీహెచ్ బాక్సు నుంచి వచ్చే 1080 బొమ్మకు హై స్పీడ్ అని రాసి ఉన్న రెండు మీటర్ల కేబుల్ ఏదైనా చాలు. టీవీకి గుచ్చి ఓటీటీ చూసే ఫైర్ టీవీ లాంటి 4కె స్టిక్‌కో, బ్లూరే ప్లేయర్‌కో అయితే ప్రీమియం హై స్పీడ్ అని రాసున్నది తీసుకోండి, అది సెకనుకు 18 గిగాబిట్ల దాకా మోస్తుంది. అంతకు మించిన బంగారు పూతల కేబుళ్లు షాపు వాళ్ల లాభం కోసం పుట్టినవే.

కేబుల్ మార్చగానే సగం మంది ఆగిపోతారు, బొమ్మ కాస్త మెరుగుపడుతుంది కాబట్టి. ఇంకో మెట్టు ఉంది. బాక్సు మెనూలోకి వెళ్లి వీడియో అవుట్‌పుట్ లేదా రిజల్యూషన్ అనే చోట ఏముందో చూడండి. చాలా బాక్సులు ఏవీ వైరు మీద పనిచేసినన్నాళ్లూ 576 దగ్గరే ఉండిపోతాయి, హెచ్‌డీఎంఐ పెట్టినా అవంతట అవి మారవు. దాన్ని 1080ఐ చేయండి. మన దగ్గర హెచ్‌డీ ఛానెళ్లు మామూలుగా వచ్చేది ఆ రూపంలోనే, కాబట్టి వచ్చినదాన్ని వచ్చినట్టే టీవీకి అప్పగించినట్టవుతుంది. కొన్ని కొత్త బాక్సుల్లో 2160 అని కూడా ఉంటుంది. చూడటానికి బాగుంటుంది కదా అని దాన్ని ఎంచుకోకండి. అలా పెడితే బొమ్మను సాగదీసే పని బాక్సులోని చవక చిప్ చేస్తుంది. అదే పని మీ టీవీలోని ప్రాసెసర్ ఇంతకంటే బాగా చేస్తుంది. అనుమానం ఉంటే రెండూ మార్చి మార్చి చూడండి, వార్తల స్క్రోలింగ్ అక్షరాల అంచుల దగ్గర తేడా తెలుస్తుంది.

తర్వాతది ఛానెల్. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. 1080ఐ పెట్టాక టీవీ రిమోట్‌లో ఇన్ఫో నొక్కితే ఏ ఛానెల్‌లో ఉన్నా 1080 అనే చూపిస్తుంది. దాన్ని చూసి అన్నీ హెచ్‌డీలో వస్తున్నాయి అనుకుంటారు. కాదు. ఎస్‌డీ ఛానెల్‌ని కూడా బాక్సు సాగదీసి 1080 చేసి పంపుతుంది, టీవీకి తెలిసేది ఆ పంపిన సైజే. అసలు సంగతి తెలియాలంటే ఛానెల్ లోగో చూడాలి, ఛానెల్ నంబరు చూడాలి. స్టార్ మా వేరు, స్టార్ మా హెచ్‌డీ వేరు. జెమినీ, ఈటీవీ, జీ తెలుగు కూడా అంతే, ఒక్కోదానికి రెండేసి నంబర్లు, రెండేసి ధరలు. మీ ప్యాక్‌లో ఏది ఉందో యాప్‌లో చూడండి. నాన్నగారు ఏళ్ల తరబడి నొక్కే నంబరు ఎస్‌డీది అయి ఉంటుంది. హెచ్‌డీకి డబ్బు కడుతూ ఎస్‌డీ నంబరే చూసే ఇళ్లు నాకు చాలా తెలుసు. ఒకే ఛానెల్ రెండు రకాలూ ప్యాక్‌లో ఉంటే ఎస్‌డీది తీయించేయండి, డబ్బు మిగులుతుంది, అలవాటూ మారుతుంది. ఫేవరెట్స్ లిస్టులో హెచ్‌డీవే పెట్టి ఇవ్వండి.

ఇంతకీ ఎస్‌డీ ఛానెల్ పాత టీవీలో బాగుండి కొత్త టీవీలో ఎందుకు బాగాలేదు? నాన్నగారి మాట అబద్ధం కాదు. ఎస్‌డీ బొమ్మలో ఉండేవి అడ్డంగా 720, నిలువునా 576 చుక్కలు. మొత్తం 4 లక్షల 15 వేలు దాటవు. మీ 4కె తెర మీద ఉన్నవి దాదాపు 83 లక్షలు. అంటే తెర మీద వెలిగే ప్రతి 20 చుక్కల్లో 19 చుక్కలు టీవీ ఊహించి పూరించినవే. పాస్‌పోర్ట్ ఫోటో ఇచ్చి నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ వేయించినట్టు ఉంటుంది వ్యవహారం.

దూరం లెక్క కూడా చూడండి. కళ్ల డాక్టరు 6/6 అని రాసిచ్చే చూపుకి ఒక హద్దు ఉంది, డిగ్రీలో అరవయ్యో వంతు కోణం కంటే చిన్న వివరం ఆ కంటికి విడిగా తెలియదు. దాన్నిబట్టి లెక్కేస్తే 32 అంగుళాల తెర మీద 576 గీతల బొమ్మలో గీతలు ఎనిమిది అడుగుల లోపే కంట్లో కలిసిపోతాయి. మీ హాల్లో సోఫా తొమ్మిది అడుగుల దూరంలో ఉందని రాశారు. అంటే పాత టీవీలో లోపాలు ఉన్నా అంత దూరం నుంచి కనపడలేదు. అదే బొమ్మ 55 అంగుళాల మీద అయితే లోపాలు కనపడకుండా ఉండటానికి పదమూడు అడుగులు వెనక్కి జరగాలి. మన ఇళ్లలో పదమూడడుగులు వెనక్కి జరిగితే వంటింట్లో కూర్చోవాలి. హెచ్‌డీ బొమ్మకు మాత్రం ఆ తెర మీద ఏడడుగులు దాటితే చాలు, మీ తొమ్మిదడుగులకు చక్కగా సరిపోతుంది. ఇంకో మాట, షాపుల్లో చెప్పరు కానీ చెప్పాలి: ఆ తెర మీద 4కెలో ఉన్న ప్రతి చుక్కా విడిగా తెలియాలంటే మూడున్నర, నాలుగు అడుగుల్లో కూర్చోవాలి. మీ సోఫాలోంచి చూస్తే మంచి హెచ్‌డీకీ 4కెకీ తేడా పెద్దగా తెలియదు. కాబట్టి మీ లక్ష్యం 4కె అక్కర్లేదు, ప్రతిదీ శుభ్రమైన హెచ్‌డీలో రావడమే.

వార్తల విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి. తెలుగు వార్తా ఛానెళ్లలో ఎక్కువ భాగం డీటీహెచ్‌లో ఎస్‌డీలోనే వస్తాయి. అవే ఛానెళ్లు యూట్యూబ్‌లో పెట్టే లైవ్ చాలాసార్లు బాక్సులో వచ్చేదాని కంటే శుభ్రంగా ఉంటుంది. నెట్ ఉంది కాబట్టి నాన్నగారికి అది అలవాటు చేయొచ్చు, కాకపోతే అరనిమిషం ఆలస్యంగా వస్తుంది. పాత సినిమాల సంగతీ అంతే. హెచ్‌డీ ఛానెల్‌లో వేసినా, వాళ్ల దగ్గరున్నది ఎప్పుడో టేపు మీదికి దించిన ప్రింటు అయితే మూలన హెచ్‌డీ లోగో ఉంటుంది కానీ బొమ్మలో ఉండదు. అది మీ టీవీ తప్పూ కాదు, ఆపరేటర్ తప్పూ కాదు.

సిగ్నల్ వీక్‌గా ఉందేమో, డిష్ తిప్పిద్దామా అని అడిగారు. వద్దు. డిజిటల్‌లో సిగ్నల్ తగ్గితే బొమ్మ మసకబారదు. వానాకాలంలో మబ్బు పట్టినప్పుడు చూసే ఉంటారు, బొమ్మ గళ్లు గళ్లుగా పగిలిపోతుంది, మాట తెగిపోతుంది, తర్వాత సిగ్నల్ లేదని బోర్డు వస్తుంది. అది ఉంటేనే డిష్ మనిషిని పిలవాలి. మీకున్నది ఎప్పుడూ ఒకేలా ఉండే మసక. అయితే ఇంకో రకం గళ్లు ఉన్నాయి, వాటితో కలపకూడదు. పాటలో హీరోయిన్ మీద పూలు చల్లుతారు చూడండి, లేదా వాన ఫైటు, లేదా కెమెరా స్టేడియం గడ్డి మీద జోరుగా తిరగడం. ఆ ఒక్క క్షణం తెరంతా చిన్న చిన్న గళ్లై, సీన్ నిమ్మళించగానే మళ్లీ మామూలవుతుంది. శాటిలైట్‌లో ఒక ట్రాన్స్‌పాండర్ మీద, అంటే ఛానెళ్లను కిందికి పంపే పరికరం మీద, బోలెడు ఛానెళ్లను కుదించి ఎక్కిస్తారు, ఎవరి వాటా బిట్లు వాళ్లవి. బొమ్మలో ప్రతి చుక్కా ఒకేసారి కదిలితే ఆ వాటా చాలదు. దానికి మీరు చేయగలిగింది ఏమీ లేదు, హెచ్‌డీ ఛానెల్‌లో తక్కువగా ఉంటుంది, అంతే.

ఇప్పుడు రెండో ఫోటో. వార్తా ఛానెల్ కింద పరుగెత్తే స్క్రోలింగ్ సగం తెగిపోయి ఉంది, అక్షరాల కింది ఒత్తులు కనపడటం లేదు. మూలన లోగో కూడా అంచుకి అతుక్కుపోయింది. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. డబ్బా టీవీల కాలంలో తెర అంచుల దగ్గర బొమ్మ సరిగా ఉండేది కాదు, అందుకని బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులు ఫ్రేము వెనక దాచేవాళ్లు. ఆ అవసరం పోయి ఏళ్లయినా అలవాటు టీవీల్లో మిగిలిపోయింది. వచ్చిన బొమ్మను నాలుగైదు శాతం సాగదీసి అంచులు కోసేయడం వల్ల పోయేది స్క్రోలింగ్ ఒక్కటే కాదు, తెర మొత్తం మీద పదును తగ్గుతుంది. పిక్చర్ సైజ్ లేదా యాస్పెక్ట్ రేషియో మెనూలో 16:9 పెట్టి, దాని కిందే ఉండే ఐచ్ఛికాన్ని వెతకండి. ఎల్‌జీలో జస్ట్ స్కాన్ అనీ, శాంసంగ్‌లో ఫిట్ టు స్క్రీన్ అనీ, సోనీలో డిస్‌ప్లే ఏరియా కింద ఫుల్ పిక్సెల్ అనీ ఉంటుంది. హెచ్‌డీఎంఐలో ఉన్నప్పుడే ఇది కనపడుతుంది. ఒత్తులు పూర్తిగా కనిపించే దాకా మార్చండి.

ఇంతవరకూ చేశాక ఇక పిక్చర్ మోడ్. ముందు ఒకటి చూడండి: టీవీ మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఇల్లా, షాపా అని అడుగుతుంది. డెలివరీ కుర్రాళ్లు తొందరలో షాపు మోడ్ నొక్కేసి ఉంటే కాసేపటికోసారి సెట్టింగ్స్ అవే పాతవాటికి తిరిగిపోతుంటాయి. దాన్ని హోమ్ మోడ్‌లోకి మార్చాకే మిగతావి.

షాపులో తళతళలాడిన బొమ్మ ఇంట్లో ఎందుకు లేదని అడిగారు. అక్కడ వివిడ్ లేదా డైనమిక్ మోడ్‌లో, ట్యూబ్‌లైట్ల వెలుగులో, టీవీల కోసమే తీసిన 4కె డెమో వీడియో నడుస్తుంటుంది. పక్క టీవీ కంటే ప్రకాశంగా కనపడటమే దాని పని. ఇంట్లో రాత్రి పూట రెండు గంటలు చూడటానికి ఆ మోడ్ పనికిరాదు. అందులో తెలుపు నీలంలోకి తిరుగుతుంది, ఒంటి రంగు గులాబీ అయిపోతుంది, షార్ప్‌నెస్ ఆకాశానికెళ్తుంది. సినిమా లేదా మూవీ మోడ్ పెట్టండి, ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఉంటే సినిమాలకు ఇంకా మంచిది. ఆ పేరు 2019లో యూహెచ్‌డీ అలయన్స్ అనే కంపెనీల కూటమి పెట్టినది, టీవీ సొంత తెలివితేటలన్నీ ఆపి, తీసినవాళ్లు చూపించాలనుకున్న రంగులు చూపించడం దాని ఉద్దేశం.

పెట్టగానే నాన్నగారు పసుపుగా ఉందంటారు. అందరూ అంటారు. స్టూడియోల్లో తెలుపు అని ఒప్పుకున్నది 6500 కెల్విన్ వెలుగు, సినిమా మోడ్ దాని దగ్గర ఉంటుంది. ఇన్నేళ్లూ చూసినది అంతకంటే చాలా నీలం కాబట్టి తేడా కొడుతుంది. నాలుగు రోజులు చూస్తే కళ్లు సర్దుకుంటాయి, సర్దుకున్నాక పాతది చూస్తే నీలంగా ఉందని వాళ్లే అంటారు. అయినా పెద్దవాళ్లతో దీని మీద పేచీ వద్దు. కలర్ టెంపరేచర్ వార్మ్ 2 నుంచి వార్మ్ 1కి తెచ్చినా, పగటి పూటకు స్టాండర్డ్ మోడ్ ఉంచినా పెద్ద నష్టం లేదు.

షార్ప్‌నెస్ మాత్రం వదలకండి. నాకు దాని మీద ప్రత్యేకంగా కోపం, ఎందుకంటే దాని పేరు చూసి ఎంత పెంచితే అంత స్పష్టం అనుకుంటారు. అది బొమ్మలో లేని వివరం తేలేదు. అంచు ఉన్న ప్రతిచోటా పక్కన ఇంకో గీత గీస్తుంది. తెరకు రెండడుగుల దగ్గరికి వెళ్లి, తెల్ల పట్టీ మీద నల్ల అక్షరాలున్న స్క్రోలింగ్ చూడండి. ఒక్కో అక్షరం చుట్టూ పట్టీ కంటే ఇంకా తెల్లటి సన్నని అంచు కనిపిస్తుంది, దాని అవతల బూడిద రంగు నీడ. షార్ప్‌నెస్ ఒక్కో అంకె తగ్గిస్తూ ఆ తెల్ల అంచు పోయేదాకా రండి, పోగానే ఆగండి. చాలా టీవీల్లో అది సున్నాకు దగ్గర్లో ఉంటుంది. సోనీలో మాత్రం మధ్యలో 50 దగ్గర ఆగాలి, దాని కంటే దిగితే నిజంగానే మెత్తబడుతుంది. వెంటనే సోఫాలో కూర్చుంటే బొమ్మ కొంచెం చప్పగా అనిపిస్తుంది. కాసేపటికి ముఖాలు ముఖాల్లా కనపడతాయి.

ముఖాలు నున్నగా అవడానికీ, బంతి వెనక తోకకీ కారణం ఒకటే అయి ఉంటుంది, నాయిస్ రిడక్షన్. ఎస్‌డీ బొమ్మలో గరుకుదనం ఎక్కువ, ఏవీ వైరు దాన్ని ఇంకా పెంచింది. టీవీ దాన్ని తుడవడానికి వెనక ఫ్రేముని ముందు ఫ్రేముతో కలిపి సగటు తీస్తుంది. కదలని చోట ఇది బాగానే పనిచేస్తుంది. కదిలే బంతి మాత్రం వెనక ఫ్రేములో ఒకచోట, ఈ ఫ్రేములో ఒకచోట ఉంటుంది, రెండూ కలిపితే తోక. చర్మం మీది సన్న గీతలను కూడా గరుకు అనుకుని తుడిచేస్తుంది. హెచ్‌డీ ఛానెల్‌కి మారాక నాయిస్ రిడక్షన్, ఎంపెగ్ నాయిస్ రిడక్షన్ రెండూ ఆపేయండి. ఎస్‌డీ వార్తలకు కావాలంటే లో పెట్టుకోండి.

దాని పక్కనే మోషన్ స్మూతింగ్ ఉంటుంది. శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. వీటి మధ్య లేని ఫ్రేములు టీవీ సృష్టించి ఇరికిస్తుంది, అందుకే కోట్లు పెట్టి తీసిన సినిమా కూడా పెళ్లి వీడియోలా జారుతూ కనిపిస్తుంది. సినిమాలకు ఆపేయండి. క్రికెట్ సెకనుకు 50 ఫీల్డుల్లో, అంటే సగం సగం గీతల బొమ్మలుగా, వస్తుంది కాబట్టి దానికీ ఇది పెద్దగా అక్కర్లేదు, పైగా బ్యాటు దగ్గర బంతి ఒక్క క్షణం మాయమయ్యేలా చేస్తుంది. మరీ కుదుపుగా అనిపిస్తే రెండు మూడు అంకెలు పెట్టుకోండి, ఫుల్ మాత్రం వద్దు.

ఇక ఓటీటీ. ఇక్కడ రెండు సమస్యలున్నాయి, మసక వేరు, చీకటి వేరు. మసగ్గా ఉంటే ముందు మీ ప్లాన్ చూడండి. నెట్‌ఫ్లిక్స్‌లో బేసిక్ ప్లాన్ 720 దగ్గర ఆగిపోతుంది, స్టాండర్డ్ 1080, 4కె కావాలంటే ప్రీమియం. తక్కిన యాప్‌లలో కూడా ఇలాంటి మెట్లే ఉన్నాయి, అకౌంట్ పేజీలో రాసి ఉంటుంది. ప్లాన్ సరిగ్గా ఉన్నా యాప్ సెట్టింగ్స్‌లో డేటా సేవర్ ఆన్‌లో ఉంటే అంతే సంగతులు. తర్వాత నెట్ వేగం. 4కెకి సెకనుకు 15 మెగాబిట్లు స్థిరంగా ఉండాలని నెట్‌ఫ్లిక్స్ వాళ్లే చెప్తారు, 1080కి 5 చాలు. ఫోన్లో కాదు, టీవీలోని బ్రౌజర్లో ఫాస్ట్ డాట్ కామ్ తెరిచి చూడండి. రౌటర్ ముందు గదిలో, టీవీ లోపలి హాల్లో, మధ్యలో ఇనుప బీరువా ఉంటే వంద మెగాబిట్ల ప్లాన్ కూడా టీవీ దగ్గరికి ఆరో ఏడో అయి చేరుతుంది. వీలైతే ల్యాన్ వైరు లాగించండి. చాలా టీవీల్లో ల్యాన్ పోర్టు వంద మెగాబిట్లదే, వైఫై కంటే తక్కువ అని కొందరు తీసిపారేస్తారు. సినిమాకి కావలసింది పదిహేనే, అది తెగకుండా వస్తే చాలు.

చీకటి సంగతి హెచ్‌డీఆర్‌ది, అంటే మెరుపుకీ చీకటికీ మధ్య తేడా మామూలు కంటే ఎక్కువ చూపించే బొమ్మ పద్ధతిది. సినిమా మొదలవగానే మూలన హెచ్‌డీఆర్ అనో డాల్బీ విజన్ అనో గుర్తు వచ్చి పోతుంది, గమనించండి. ఆ రకం సినిమాల్లో మెరుపులు తరచుగా వెయ్యి నిట్‌ల వెలుగును లెక్కలో పెట్టుకుని చేసినవి (తెర వెలుగుని కొలిచేది నిట్‌లలో). మన బడ్జెట్ 4కె టీవీలు చాలావరకు 250, 300 నిట్‌ల దగ్గర ఆగిపోతాయి, వాటి అట్ట మీద హెచ్‌డీఆర్ అని రాసి ఉన్నా అర్థం ఆ సిగ్నల్‌ని తీసుకుంటుందనే, దానికి తగ్గ వెలుగు ఉందని కాదు. పైనున్న మెరుపుని ఇరికించడానికి టీవీ మిగతా బొమ్మంతా కిందకి దించేస్తుంది. మీరు చేయగలిగినవి ఉన్నాయి. పవర్ సేవింగ్, గది వెలుతురుని బట్టి తగ్గించే సెన్సార్, రెండూ ఆపండి. హెచ్‌డీఆర్ సినిమా నడుస్తుండగానే మెనూలోకి వెళ్లండి, ఎందుకంటే హెచ్‌డీఆర్‌కి సెట్టింగ్స్ విడిగా ఉంటాయి, మామూలు బొమ్మకు చేసినవి దీనికి వర్తించవు. బ్యాక్‌లైట్ పూర్తిగా పైకి ఉందా చూడండి, డైనమిక్ టోన్ మ్యాపింగ్ ఉంటే ఆన్ చేయండి, డాల్బీ విజన్‌లో డార్క్, బ్రైట్ అని రెండుంటే బ్రైట్ పెట్టండి. గదిలో దీపాలు తీసేసి చూడండి. ఇంతా చేసి చాలకపోతే, ఫైర్ టీవీ లాంటి స్టిక్ ఉన్నవాళ్లు దాని డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో హెచ్‌డీఆర్ ఆపేయొచ్చు. ఈ తరగతి టీవీల మీద హెచ్‌డీఆర్ లేని బొమ్మే హాయిగా ఉంటుందని నా అభిప్రాయం, దీని మీద నాతో తగువు పడేవాళ్లు ఉంటారు.

స్టిక్ మాట వచ్చింది కాబట్టి: దాన్నుంచి 4కె హెచ్‌డీఆర్ పూర్తిగా రావాలంటే టీవీలో ఆ హెచ్‌డీఎంఐ సందుకి పూర్తి సామర్థ్యం తెరవాలి. శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అంటారు. డీటీహెచ్ బాక్సుకి ఇది అక్కర్లేదు, కొన్ని పాత బాక్సులు ఆన్ చేస్తే తికమకపడతాయి కూడా.

నాన్నగారు పడక కుర్చీలో వాలి చూస్తారని రాశారు, అది కూడా పట్టించుకోండి. ఆయనవి కింద చదువు అద్దం ఉన్న కళ్లజోడు అయితే, వెనక్కి వాలినప్పుడు చూపు ఆ కింది అద్దంలోంచి వెళ్తుంది. ఆ అద్దం పేపరు దూరానికి చేసింది, తొమ్మిదడుగుల టీవీ దాంట్లోంచి మసగ్గానే ఉంటుంది. ఒకసారి నిటారుగా కూర్చోబెట్టి, తల కొంచెం వంచమని, అదే బొమ్మ ఎలా ఉందో అడగండి.

ఇవన్నీ ఒకే సాయంత్రం చేయకండి. ఏవీ వైరు తీసేసి, 1080ఐ పెట్టి, హెచ్‌డీ నంబర్లు మార్చి, ఓవర్‌స్కాన్ తీసేసి రెండు రోజులు వదలండి. నాన్నగారి ఫిర్యాదుల్లో పెద్దవి అక్కడే పోతాయి. తర్వాత మోడ్, షార్ప్‌నెస్, నాయిస్ రిడక్షన్. హెచ్‌డీఎంఐకి మారాక నలుపు బూడిద రంగులో కనిపిస్తే, లేదా నల్ల జుట్టంతా ఒకే ముద్దగా ఉండి వెంట్రుకలు తెలియకపోతే, బాక్సు పంపే రేంజ్‌కీ (నలుపు నుంచి తెలుపు దాకా వాడే అంకెల హద్దుకీ) టీవీ అనుకునే రేంజ్‌కీ పొత్తు కుదరలేదన్నమాట. ఒకటి 16 నుంచి 235 దాకా పంపుతుంటే రెండోది 0 నుంచి 255 అనుకుంటోంది, లేదా దానికి తలకిందులు. టీవీలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవల్ లేదా డైనమిక్ రేంజ్ అనేది ఆటోలో ఉంచండి, కుదరకపోతే లిమిటెడ్ లేదా లో పెట్టి చూడండి. అప్పటికీ తేలకపోతే బాక్సు మెనూలో వీడియో పేజీ, టీవీలో పిక్చర్ పేజీ ఫోటోలు తీసి, టీవీ మోడల్ నంబరుతో సహా పెట్టండి.